అమ్మవారి పుంజు, కౌన్సిల్ కాగితం

కౌన్సిల్ ఆఫీసుకి ఫోను చేసింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. దాన్ని రెండు వారాలు కడుపులో దాచుకుని తిరిగాను, ఇంకోసారి దాచడం నావల్ల కాదు.

మేము డర్బన్‌లో దిగి అప్పటికి ఎనిమిది నెలలు. దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా తేడా లేకుండా అందరూ కలిసి మొదటిసారి ఓట్లేసిన మరుసటి ఏడు. మా ఆయన ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు, నేను హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆషర్‌విల్‌లో ఒక అవ్వ ఇంటి పెరట్లో కట్టిన రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. అవ్వ తాతలు ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. అవ్వకి ఇంగ్లీషు ధారాళంగా వచ్చు, అక్కడి నల్లవాళ్ళ భాష జులూ వచ్చు. తెలుగు మాత్రం ఎక్కువగా తిట్టడానికీ, తినమనడానికీ, దేవుణ్ణి పిలవడానికీ మిగిలింది. మొదటిరోజు నేను మర్యాదగా "మామ్మగారూ" అంటే నవ్వేసింది. "గారు ఏటి పిల్లా? అవ్వ అను" అంది.

నా గది కిటికీ కింద అవ్వ కోళ్ళ గూడు. ఆరు పెట్టలు, ఒక ఎదిగే పుంజు పిల్ల, ఒక పెద్ద పుంజు. ఆ పెద్దది ఎర్రగా నిగనిగలాడుతూ ఉండేది, మా గోదావరి వైపైతే డేగ అంటారు. తెల్లవారుజామున మూడున్నరకి మొదలుపెట్టేది. మూడున్నరకి! సూర్యుడికి కూడా అంత తొందర లేదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదన్నట్టు ఆపకుండా కూసేది. నేను ఏడింటికల్లా బస్సెక్కాలి, నలభైమంది పిల్లలకి బీజగణితం చెప్పాలి. ఒకరోజు బోర్డు మీద మైనస్సు మర్చిపోయి, పిల్లలు నవ్వితే, ఆ కోపంతో స్టాఫ్‌రూము ఫోను తీసి కౌన్సిల్‌కి చేశాను.

ఫిర్యాదు చెయ్యలేదు, నిజం. "టౌన్లో ఇళ్ళల్లో కోళ్ళు పెంచుకోవచ్చాండీ, రూలేమిటి?" అని అడిగానంతే. అవతలి అమ్మాయి తియ్యగా మాట్లాడుతూ వీధి పేరడిగింది, చెప్పాను. ఇంటి నంబరడిగింది, అదీ చెప్పాను. ఎందుకు చెప్పానూ అంటే, నేను పుట్టిన ఊరి బుద్ధి. మా ఊళ్ళో మునిసిపాలిటీకి మా నాన్న మురుక్కాలవ గురించి పదకొండు అర్జీలు పెట్టాడు. పన్నెండోది రాసేలోగా కాలవే పూడిపోయింది. ఆఫీసుకి ఒక మాట చెబితే ఆఫీసు కదులుతుందని మా వంశంలో ఎవరికీ తెలియదు.

మూడోరోజున ఇన్‌స్పెక్టర్ గేటు ముందున్నాడు.

జులూ కుర్రాడు, ముప్పై దాటవు. ఇస్త్రీ చొక్కా, చేతిలో అట్టకి బిగించిన కాగితాలు. అలాంటి ఉద్యోగం వాళ్ళవాళ్ళకి ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది, ఆ సంగతి అతను నిలబడిన తీరులోనే తెలుస్తోంది. అవ్వని "గోగో" అని పిలిచాడు, జులూలో అవ్వ అనే అర్థం. గూడు చుట్టూ తిరిగాడు, కోళ్ళని లెక్కపెట్టాడు, నా కిటికీ కేసి చూసి తల అడ్డంగా ఊపాడు. నేను కిటికీ లోపల తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"అనుమతి కాగితం ఉందా గోగో?"

"హైబో! ముప్పై ఏళ్ళు పెంచినాను. ఎవుడూ అడగలే" అని, జులూ వాళ్ళ 'అయ్యబాబోయ్'తో మొదలెట్టి తెలుగులో అరిచి, తర్వాత అదంతా అతనికి జులూలో చెప్పింది అవ్వ.

అతను నొచ్చుకోలేదు, మెత్తబడనూ లేదు. "ఇంతకుముందు రూలు కొందరికి ఉండేది, కొందరికి ఉండేది కాదు. ఇప్పుడు అందరికీ ఒకటే. పల్లెలో మా అమ్మ నలభై కోళ్ళు పెంచుతుంది. ఆవిడ టౌన్లో ఉంటే ఆవిడకీ ఈ కాగితమే ఇచ్చేవాణ్ణి" అన్నాడు. పద్నాలుగు రోజులు గడువు. ఈలోగా రూలు ప్రకారం అంతా సరిచేసి అనుమతి తీసుకోవాలి, లేదంటే కోళ్ళన్నిటినీ తీసెయ్యాలి.

అతను వెళ్ళాక అవ్వ ఆ కాగితం పట్టుకుని వంటింటి మెట్టు మీద కూలబడిపోయింది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు చెప్పింది పుంజు సంగతి. ఓట్లకి ముందు ఊరూరా చంపుకోవడాలు. అవ్వ కొడుకు బస్సు డ్రైవరు, కాల్పులు జరిగే దారుల్లోనే రోజూ బండి తోలాలి. ఓట్ల పండగ రక్తం పారకుండా గడిచి, కొడుకు చల్లగా ఇల్లు చేరితే గంగమ్మకి పుంజునిస్తానని మొక్కుకుంది. ఓట్లు చల్లగా గడిచాయి. ఆ వారమే గుడ్డు పగిలి బయటికొచ్చింది ఈ పుంజు. రెండు నెలల్లో అమ్మవారి పూజ.

"పోనీ దీన్ని ఇచ్చేసి, పూజకి బజార్లో ఇంకోటి కొందాం అవ్వా" అన్నాను.

నాకేదో జబ్బు చేసినట్టు చూసింది. "కొన్న పుంజు అమ్మ తినదు పిల్లా. మన సేత్తో గింజెయ్యాల. మన వాకిట్లో తిరగాల. అప్పుడే అది మనది. మనది కానిది అమ్మకెట్టా ఇస్తాం?"

లేచి లోపలికెళ్ళి ముఖం కడుక్కుని, అద్దంలో నన్ను నేనే తిట్టుకుని, ఒట్టు పెట్టుకున్నాను. ఈ పుంజు ఈ గేటు దాటదు. ఏ రూలు పేరు చెప్పి దీన్ని పొమ్మన్నారో, ఆ రూలు ప్రకారమే దీన్ని ఇక్కడ ఉంచుతాను.

మర్నాడు స్కూలయ్యాక కౌన్సిల్ ఆఫీసుకే వెళ్ళి రూలు నకలు తెచ్చుకున్నాను. నాలుగు పేజీలు. పరీక్షకి చదివినట్టు చదివాను. గూడు మనుషులుండే గదికి ఇంత దూరం, పక్కవాళ్ళ కంచెకి ఇంత దూరం ఉండాలి. అడుగున గచ్చు ఉండాలి. గింజలు ఎలకలు దూరని డబ్బాలో ఉండాలి. ఇరుగుపొరుగుకి నిద్ర చెడకూడదు. చివరగా, రెండుపక్కల ఇళ్ళవాళ్ళూ మాకు అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి.

స్కూల్లోంచి పొడుగు టేపు తెచ్చి పెరడంతా కొలిచాను. ఆ పెరడు కొండ వాలులో ఉంటుంది, ఏ మూల కొలిచినా ఏదో ఒక దూరం తక్కువే. చివరికి కాగితం మీద గీసి చూస్తే అన్ని కొలతలూ సరిపోయే చోటు ఒక్కటే తేలింది. అది అవ్వ మిరప మడి. చెప్పడానికి భయపడ్డాను. అవ్వ కొంగు బిగించి వెళ్ళి మిరప మొక్కల్ని ఒక్కొక్కటే పీకి నా చేతికిచ్చింది. "పోతే పోనాయి. మిరపలు మళ్ళీ ఏస్తాను" అంది.

ఆ వారమంతా స్కూలు నుంచి రాగానే చీర మార్చుకుని పార పట్టుకునేదాన్ని. నేనూ అవ్వా కలిసి నేల చదును చేశాం, ఇసకా సిమెంటూ కలిపి గచ్చు పోశాం. పాత తలుపులు రెండు అడ్డం పెట్టి, పైన రేకు బిగించాం. గింజలకి మూతున్న రంగు డబ్బా తోమి పెట్టాం. జన్మలో తాపీ పట్టుకోనిదాన్ని, నా వేళ్ళన్నీ పగిలిపోయాయి, సుద్దముక్క పట్టుకుంటే మండేది. మా ఆయనకి ఫోను సంగతి తెలుసు. అరుగు మీద టీ తాగుతూ, "నువ్వే అంటించి నువ్వే ఆర్పుతున్నావు. ముందావిడకి నిజం చెప్పవే" అన్నాడు.

"గూడు అయ్యాక చెబుతా" అన్నాను.

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడం నీకు అలవాటేగా" అన్నాడు. ఆయన మీద గయ్యిమన్నాను గానీ, ఆయన అన్నది నిజమే. మొదటిరోజే చెప్పుంటే అయిపోయేది. రోజు గడిచేకొద్దీ ఆ మాట బరువెక్కిపోయింది.

పైగా ఇంకో ఘోరం జరుగుతోంది. ఎవరో ఫోను చేశారని ఇన్‌స్పెక్టర్ మాటల్లో అవ్వకి తెలిసింది, ఎవరా అని ఆలోచించి, ఎడంపక్క ఇంటావిడేనని తేల్చేసింది. ఆవిడ తమిళావిడ, రెండు కుక్కల్ని పెంచుతుంది. ఇద్దరిదీ పాతికేళ్ళ స్నేహం. ఆ వీధిలో ఒక ఆచారం ఉంది. ఎవరింటి గిన్నె వాళ్ళకి తిరిగి పంపాలంటే ఖాళీగా పంపరు. నేను మొదటివారం అవ్వకి పులిహోర పంపితే, నా పెళ్ళి సామాన్లలోని పేరు చెక్కిన స్టీలు గిన్నె నాలుగు గుడ్లతో తిరిగొచ్చింది. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేస్తారు. అలాంటిది, ఆ తమిళావిడ ఇడ్లీలు పంపిన గిన్నెని అవ్వ కడిగి, తుడిచి, ఖాళీగా కంచె మీంచి అందించింది. ఆవిడ గిన్నెలోకి చూసి, అవ్వ ముఖంలోకి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళిపోయింది. నేను గచ్చు మీద నీళ్ళు చల్లుతూ చూశాను.

గడువు ఇంకా మూడు రోజులుంది. అన్నీ అయ్యాయి. కుడిపక్క వాళ్ళు సంతకం పెట్టారు. ఎడంపక్క సంతకం ఒక్కటే మిగిలింది.

"ఆ యమ్మ గడప నేను తొక్కను" అంది అవ్వ.

"నేను వెళ్ళి అడుగుతాను అవ్వా."

"నువ్వూ ఎల్లకు. నా పెరడు గురించి ఆఫీసోడికి సెప్పిన మనిసిని నాను బతిమాలతానా? పుంజు పోతే పోనీ. అమ్మకే సెప్పుకుంటాను, ఇట్టా సేసినారని."

అంది గానీ గూటిమీంచి చూపు తీయలేదు. పుంజు కొత్త గూట్లో తలెత్తుకుని తిరుగుతోంది. పాతికేళ్ళ స్నేహాన్నీ, మొక్కునీ కలిపి ఆవిడ వదిలేసుకోబోతోంది, నేను నోరు విప్పకపోవడం వల్ల. ఇక ఆగలేకపోయాను.

"ఫోను చేసింది ఆవిడ కాదు అవ్వా. నేను."

అవ్వకి వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. నిద్ర చాలక విసుగొచ్చి చేశానని, రూలు అడుగుదామనే చేశానని, వీధి పేరు అడిగితే చెప్పానని, ఇంటి నంబరు కూడా చెప్పానని. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడిస్తే జాలిపడుతుందేమోనని సిగ్గేసి ఆపుకున్నాను.

అవ్వ తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా చేతులకేసి చూసింది, ఆ పగిలిన వేళ్ళకేసి.

"నిద్ర లేదా నీకు?"

"లేదవ్వా."

"నా తలుపుకీ నీ తలుపుకీ ఎన్ని అడుగులే?"

నేను చీర కుచ్చిళ్ళకంటిన సిమెంటు దులుపుకోబోయాను.

"సెప్పు. టీచరువి గదా. పెరడంతా కొలిసినావు గదా. ఎన్ని అడుగులు?"

"పదకొండు."

"పదకొండు అడుగులు నడిసి, అవ్వా నీ పుంజు సంపుతుంది నన్ను, అని నా మొగాన సెప్పలేకపోనావా?" గొంతు అప్పుడు లేచింది. "మమ్మల్ని తోట నించి లేపినప్పుడు కూడా ఇంతే. తెల్లోడికి కావాల ఆ నేల. ఎవుడూ వొచ్చి మొగాన సెప్పలే. కాయితం వొచ్చింది. మా అయ్య సదవలేడు, దాన్ని పట్టుకుని వీదంతా తిరిగినాడు, ఇందులో ఏటుంది, ఇందులో ఏటుంది అని. కోళ్ళని బుట్టలో ఏసుకుని లారీ ఎక్కినాము. ఆ కోళ్ళ పిల్లల పిల్లలే ఇయ్యి. మళ్ళీ కాయితం. మా ఇంట్లో తిని, మా బాస మాట్లాడే పిల్ల తెచ్చిన కాయితం!"

ఇన్నేళ్ళయినా ఆ మాట తల్చుకుంటే నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. క్షమించమని అన్నాను. వినిపించుకోలేదు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, తొక్కనన్న గడప తొక్కడానికి ఎడంపక్క ఇంటికి వెళ్ళింది. కుక్కలు మొరిగాయి, తర్వాత ఊరుకున్నాయి. గంట తర్వాత సంతకం పెట్టిన కాగితంతో తిరిగొచ్చి, దాన్ని నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి కిటికీ నిండా వెలుగుంది. గడియారం చూసి అదిరిపడ్డాను, ఆరు దాటింది. పుంజు కూయలేదు! నిన్న సాయంత్రం కోపంలో దాన్ని ఎవరికైనా ఇచ్చేసిందేమోనని పరుగెత్తాను. పుంజు ఉంది. రాత్రి దాన్ని టమాటాలొచ్చే చెక్కపెట్టెలో పడుకోబెట్టింది అవ్వ. పుంజు కూయాలంటే మెడ నిలువునా సాచాలి. ఆ పెట్టె ఎత్తు తక్కువ, పడుకోవచ్చు గానీ మెడ సాచలేదు. తెల్లారాక మూత తీస్తే వచ్చి హాయిగా తిరుగుతోంది. ఇంత చిన్న ఉపాయం ఆవిడ దగ్గర ఎప్పట్నించో ఉంది. పదకొండు అడుగులు నడిచి అడిగుంటే మొదటిరోజే దొరికేది.

వెనక్కి తిరిగితే నా గుమ్మం ముందు స్టీలు గిన్నె ఉంది. అంతకుముందు రోజు ఉప్మా పంపిన గిన్నె. కడిగి, తుడిచి, ఖాళీగా.

నిద్రపోనిచ్చింది గానీ క్షమించలేదు. అలా కూడా ఉంటారు మనుషులు.

గడువు రోజున ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. తన టేపుతో తానే కొలిచాడు, గచ్చు మీద కాలితో తట్టి చూశాడు, డబ్బా మూత తీసి పెట్టాడు. పుంజు దగ్గర ఆగి, "దీని కూత సంగతేమిటి?" అన్నాడు. అవ్వ చెక్కపెట్టె తెచ్చి చూపించింది. అతను నవ్వాపుకోలేకపోయాడు. "మా అమ్మ కూడా ఇంతే చేస్తుంది" అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టి, "ముందు ఫోను చేసినవాళ్ళకి ఇంకా అభ్యంతరం ఉందో లేదో కనుక్కోవాలి" అని గొణిగాడు.

"ఉందిగా ఈడనే. అడుగు" అంది అవ్వ నన్ను చూపించి.

అతని ముందు నిలబడి, నేనే చేశానని, నాకే అభ్యంతరమూ లేదని చెప్పాను. అతను నన్నూ, సిమెంటు అంటిన నా చీర కుచ్చిళ్ళనీ మార్చి మార్చి చూసి, మాట్లాడకుండా రాసుకున్నాడు. అనుమతి వచ్చింది.

ఆ తర్వాత పూజదాకా అవ్వ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. నేను ఆపలేదు. వారానికోసారి ఏదో ఒకటి వండి ఆ గిన్నెలో పెట్టి పంపేదాన్ని. గారెలు పంపాను, పరమాన్నం పంపాను, గోంగూర దొరక్క వేరే పులుపు ఆకుతో ఏదో చేసి పంపాను. ప్రతిసారీ గిన్నె తళతళా తోమి ఖాళీగా వచ్చేది. "ఇక చాల్లే, వదిలెయ్" అన్నాడు మా ఆయన. ఎందుకొదిలేస్తాను? ఆవిడ పట్టుదల ఆవిడది, నా పట్టుదల నాది.

పూజ ఆదివారం నాడు జరిగింది. కొడుకు ఊరవతలి ఖర్వాస్తాన్ నుంచి పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. పెరట్లో మామిడిచెట్టు కింద పసుపు పూసిన రాయి, వేపాకులు, గంజి కుండ. పుంజుకి స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టారు. అవ్వ దాని తల మీద నీళ్ళు చిలకరించి, అది ఒళ్ళు జలదరిస్తే అమ్మ ఒప్పుకుందని చేతులు జోడించింది. అప్పుడు కొడుకు కత్తి తీశాడు.

నాకు తెలియదా, మొక్కు పుంజుని ఏం చేస్తారో? తెలుసు. అయినా ఒక అడుగు ముందుకేశాను. దానికోసం గచ్చు పోశాను, వేళ్ళు పగలగొట్టుకున్నాను, రూలు కంఠతా పట్టాను. "అవ్వా, ఇంత కష్టపడి నిలబెట్టుకున్నది కొయ్యడానికేనా!" అని పైకే అనేశాను.

అవ్వ నాకేసి తిరిగింది. "మరేటి పిల్లా? ఇది అమ్మ పుంజు. అమ్మకిచ్చినాను. కౌన్సిలోడికి ఇవ్వలే. నా సేత్తో ఇచ్చినాను. అది సాలు."

కొయ్యడానికి వేరే అనుమతి కావాలా అని ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. గట్టిగా మూసుకున్నాను. అప్పటికి నాకు ఆ మాత్రం బుద్ధి వచ్చింది.

మధ్యాహ్నం అందరూ తిన్నాక నేను గదికి వచ్చి కూర్చున్నాను. తలుపు చప్పుడైంది. అవ్వ. చేతిలో నా పేరు చెక్కిన గిన్నె. నిండా పుంజు కూర, ఎర్రటి నూనె అంచులదాకా, పైన తొడముక్క. ఆ ముక్క ఇంటి ఆడపిల్లకి పెడతారని నాకు తర్వాత తెలిసింది. చేతులు చాచి అందుకున్నాను. వేడికి వేళ్ళు కాలాయి, అయినా వదల్లేదు. ఈసారి ఏడుపు ఆపుకోలేదు.

"తిను. సల్లారిపోద్ది" అంది. వెళ్ళబోతూ ఆగి గూటివైపు చూసింది. అక్కడ పెద్దదాని కొడుకు, ఆ పుంజు పిల్ల, మెడ సాచి మొదటిసారి ఏదో కూయబోయి గొంతు పగిలి ఆగిపోయింది. మళ్ళీ సాచింది.

"ఇనబడినాదా? రేపట్నించి ఇది మొదలెడతాది" అంది అవ్వ. "నిద్ర సెడితే పదకొండు అడుగులు. నా మొగాన సెప్పు."